కాటా కొనేవాళ్ళ కంటికి కనబడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల కిందట ఒక సోమవారం మా ఇంటికి దగ్గరున్న సూపర్ మార్కెట్‌లో కిలో కందిపప్పు ప్యాకెట్లు మూడు కొన్నాను. ఇంటికి తెచ్చి కాటా మీద పెడితే మొదటిది 958 గ్రాములు, రెండోది 961, మూడోది 989 వచ్చాయి. అదీ కవరుతో కలిపి. అలాంటి ఖాళీ కవరు ఒకటి విడిగా తూస్తే 6 గ్రాములు. అంటే మొదటి ప్యాకెట్‌లో పప్పు 952 గ్రాములే. 172 రూపాయలు ఇచ్చి కొన్న కిలోలో ఎనిమిది రూపాయల పైచిలుకు పప్పు నా ఇంటికి రాలేదు.

ఎనిమిది రూపాయల కోసం పేపరుకు ఉత్తరం రాస్తావా అమ్మా అని మా అబ్బాయి అడిగాడు. అవును, రాస్తానన్నాను. నేను అంగడి నడిపిన మనిషిని. మదనపల్లెలో టమాటా మార్కెట్‌కు పోయే దారిలో మాకు చిల్లర అంగడి ఉండేది. 1990లో పెళ్ళయి వచ్చినప్పటి నుంచి 2021 దాకా ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. కరోనా రెండో విడతలో మా ఆయన పోయారు. ఒక్కదాన్నే నడపలేక మూసేశాను. ర్యాకులు, నూనె డబ్బాలు, ఫ్రిజ్ అన్నీ అమ్మేశాను. గ్రాము దాకా చూపే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, ఇనుప కిలో రాయి ఒకటి మాత్రం అమ్మబుద్ధి కాలేదు. చీరల మధ్య చుట్టి పెట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. చింతామణి, హోస్కోటె మీదుగా కె.ఆర్.పురం వచ్చేదాకా ఆ సంచీ నా ఒళ్ళోనే ఉంది.

నా కాటాకు ఇప్పుడు ప్రభుత్వ ముద్ర లేదు, ఎప్పుడో గడువు తీరిపోయింది. అందుకని ముందు కిలో రాయి పెట్టి చూశాను. 1000 చూపింది. అయినా నా ఒక్కదాని మాట మీద ఒకరిని తప్పు పట్టకూడదని, ఆ మూడు ప్యాకెట్లూ పట్టుకుని గుంజూరు పాత ఊళ్ళో ఉన్న చిన్న అంగడికి పోయాను. ఆ అంగడాయన కాటాకు ఈ ఏడాది ముద్ర ఉంది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఆయన దగ్గర 956, 960, 988 వచ్చాయి. గ్రాము, రెండు గ్రాముల తేడా, అంతే. ఆ తర్వాతే నాకు ధైర్యం వచ్చింది.

మేము ఉండేది వర్తూరు దాటాక గుంజూరు వైపు. నేను వచ్చిన కొత్తలో మా బాల్కనీలోంచి చూస్తే రాగి చేలు, ఆ వెనక నీలగిరి తోపు కనబడేవి. ఇప్పుడు క్రేన్లు కనబడుతున్నాయి. అప్పట్లో కొత్తిమీర కట్టకు కూడా ఆటో మాట్లాడుకుని వర్తూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మా గేటు నుంచి ఒకటిన్నర కిలోమీటరు లోపలే సూపర్ మార్కెట్లు అయిదు ఉన్నాయి. అన్నీ కొత్త బిల్డింగుల కింది అంతస్తుల్లో వచ్చినవే. రోడ్డుకు కాలిబాట ఇంకా రాలేదు, మురుగు కాలువ పూర్తి కాలేదు, సూపర్ మార్కెట్లు మాత్రం వచ్చేశాయి. టిప్పర్ లారీల పక్కన ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని నడిచి పోతాను. ఆ కష్టం గురించి ఇంకోసారి రాస్తాను.

ఈ షాపుల మీద నాకు కోపం లేదు. అవి వచ్చాక మా వైపు ఆడవాళ్ళకు ఎంత సుఖమో నేను చూస్తూనే ఉన్నాను. వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మా అంగట్లో గల్లాకు ఇవతల మేము, అవతల కొనేవాళ్ళు. పేదవాళ్ళు సరుకు ముట్టుకుని చూడడానికి జంకేవాళ్ళు. "ఏం కావాలి, తొందరగా చెప్పు" అని మా ఆయన కూడా ఒక్కోసారి కసురుకునేవారు. ఇక్కడ కూలికి పోయే ఆమె కూడా లోపలికి వచ్చి, ప్యాకెట్ చేత్తో తీసుకుని, తిప్పి చూసి, వద్దనుకుంటే మళ్ళీ అక్కడే పెట్టేసి పోతుంది. ఎవరూ ఏమీ అనరు. ఇది చిన్న విషయం కాదు. కందిపప్పు, మినప్పప్పు అని పేర్లు కన్నడలో, ఇంగ్లీషులో రాసి ఉంటాయి. తొగరి బేళె, ఉద్దిన బేళె అని నేను కూడా నేర్చుకున్నాను. అంగడి అనే మాట మాత్రం నేర్చుకునే పని పడలేదు. వాళ్ళకూ మాకూ అది ఒకటే మాట.

పోయింది ఒక్కటే, తూకం. మన కళ్ళ ముందు తూచి పోయడం పోయింది.

మా అత్తగారి రోజుల్లో తక్కెడ ఉండేది. ముల్లు నిటారుగా నిలబడేదాకా పోసి, పైన ఒక చిటికెడు కొసరు వేసేవాళ్ళు. కొసరు వేయని అంగడికి రెండోసారి ఎవరూ రారని ఆమె చెప్పేది. నేను వచ్చాక కౌంటర్ మీద పెట్టే కాటా, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చాయి. ఏది వచ్చినా దాన్ని పెట్టే చోటు మాత్రం మారలేదు. కొనేవాళ్ళకూ మాకూ మధ్యలో, వాళ్ళ కళ్ళు పడేచోటే ఉండేది. ఎలక్ట్రానిక్ కాటాకు రెండు వైపులా అంకెలు కనబడేది ఏరి మరీ కొన్నారు మా ఆయన.

మేమేమీ తప్పు చేయనివాళ్ళమని చెప్పడం లేదు. 1998లో తూనికల ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మా 200 గ్రాముల రాయి తీసి పక్కన పెట్టేశారు. ఏళ్ళ తరబడి వాడీ వాడీ అది మూడు గ్రాములు అరిగిపోయింది. మేము కావాలని చేసింది కాదు, మాకు తెలియనే తెలియదు. అయినా ఆయన జరిమానా రాశారు, మా ఆయన కట్టారు. ఆ సాయంత్రమే కొత్త రాళ్ళ సెట్టు కొన్నారు. ఇనుప రాయి అడుగున సీసం నింపిన గుంట ఒకటి ఉంటుంది. ఆ సీసం మీదే ముద్ర కొడతారు. ఆ రోజు నుంచి నేను నెలకొకసారి రాళ్ళన్నీ బోర్లించి, తుడిచి, ముద్ర చూసుకునేదాన్ని. తూకం తప్పడానికి మోసమే ఉండక్కర్లేదు. పట్టించుకోకపోయినా చాలు.

ఇప్పుడు మా పక్క షాపు సంగతి చెబుతాను. ఆ బుధవారం పొద్దున ప్యాకెట్లు, బిల్లు పట్టుకుని పోయాను. సరుకులు సర్దే కుర్రాడిది ముళబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నన్ను చూస్తే "బాగున్నారా అమ్మా" అని పలకరిస్తాడు.

"ఈ పప్పు ఎక్కడ నింపుతారు నాయనా?" అని అడిగాను.

"ఇక్కడే అమ్మా, వెనకాల గోడౌన్‌లో. యాభై కిలోల బస్తా వస్తుంది. పొద్దున్నే ఇద్దరు కూర్చుని నింపుతారు."

"కాటా ఎక్కడుంది?"

"అదీ లోపలే. కస్టమర్లను అక్కడికి రానివ్వరు."

అంతలో మేనేజరు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. మూడు ప్యాకెట్లూ మార్చి ఇస్తాం మేడం, కావాలంటే డబ్బులు వాపసు ఇస్తాం అన్నాడు. సరే, కొత్త ప్యాకెట్లు కూడా ఒకసారి తూచి ఇవ్వమన్నాను. అక్కడే నాలుగడుగుల దూరంలో కూరగాయలు తూచే కాటా ఉంది. దాని మీద పెట్టమంటే కుదరదన్నాడు. అది కూరగాయలకేనట, కోడ్ కొడితేనే పని చేస్తుందట. కోడ్ కొట్టేది ధర కోసం బాబూ, బరువు చూపడానికి కోడ్ అక్కర్లేదు అన్నాను. ఆయన మాట్లాడలేదు. నా వెనక క్యూలో ఉన్న ఒకాయన "పది రూపాయలకు ఇంత గొడవెందుకు ఆంటీ, మాకు ఆఫీసు టైమవుతోంది" అన్నాడు. ఆయనదీ తప్పు కాదు. ఆయన ట్రాలీలో కూడా అదే కందిపప్పు ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత అలవాటు, లెక్క వేసుకుంటూ పడుకున్నాను. ఆ ఒక్క షాపులో రోజుకు నలభై ప్యాకెట్ల కందిపప్పు అమ్ముడవుతుందనుకుందాం. ప్యాకెట్‌కు నలభై గ్రాములు తగ్గినా రోజుకు కిలో ఆరువందల గ్రాములు. నెలకు నలభై ఎనిమిది కిలోలు. అంటే దాదాపు ఒక బస్తా. మా అంగట్లో బస్తా కందిపప్పు అమ్మడానికి ఎంత నిలబడాలో నాకు తెలుసు. అది ఎవరి దగ్గరి నుంచి పోతోందో వాళ్ళకు తెలియకుండానే పోతోంది.

మోసం చేస్తున్నారని నేను అనను. ఆ గోడౌన్ లోపల ఏం జరుగుతుందో నేను చూడలేదు. కానీ తూకం ఎన్ని విధాల తప్పుతుందో నాకు తెలుసు. కాటా పెట్టిన గచ్చు సమంగా లేకపోతే తప్పుతుంది. పైన ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే అంకె నిలవదు. కవరు బరువు, పోసే గిన్నె బరువు ముందే తీసేయడం మరిచిపోతే ప్రతి ప్యాకెట్‌లోనూ అంత తగ్గుతుంది. సరుకు తరుగు కూడా ఉంటుంది. బెల్లం గాలికి ఆరుతుంది, ఎండుమిరపకాయలు వేసవిలో తేలికైపోతాయి, ఉల్లిగడ్డ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే గట్టిగా మూసిన కవరులో ఉన్న కందిపప్పు కిలోకు యాభై గ్రాములు తరగదు. ముప్ఫై ఏళ్ళు పప్పు అమ్మాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది రాయచూరు వైపు. మొగుడు మా వెనక లేఅవుట్‌లో తాపీ పని చేస్తాడు. రేకుల షెడ్డులో ఉంటారు. వారం కూలి శనివారం వస్తుంది. అందుకని గురువారం, శుక్రవారం ఇరవై రూపాయల సరుకే కొంటారు. మా అంగట్లో అయితే "పది రూపాయల పప్పు ఇవ్వండి" అంటే తూచి పొట్లం కట్టేవాళ్ళం. కిలో కొన్నా పది రూపాయలకు కొన్నా గ్రాముకు ధర ఒకటే. సూపర్ మార్కెట్‌లో ఆ అమ్మాయికి దొరికేవి చిన్న ప్యాకెట్లే. టీ పొడి, పసుపు, కారం, సబ్బు పొడి, అన్నీ పది రూపాయలవే. కిలో, అరకిలో కొనే మాకంటే ఆమెకు గ్రాము ఎక్కువ ధర పడుతుంది. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకు ఎంతో కూడా ముద్రించాలని నిబంధన వచ్చింది. మంచిదే. కానీ చీమ తలకాయంత అక్షరాల్లో "0.44" అని ఉంటే చదువు రాని మనిషికి ఏం తెలుస్తుంది? నాకే కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడలేదు.

ఒక ఆదివారం ఆ అమ్మాయి తన ప్యాకెట్లు తెచ్చి "అక్కా, ఇవి కూడా తూచు" అంది. ఆమె చెబితే షెడ్డుల నుంచి ఇంకో ముగ్గురు వచ్చారు. మా బ్లాకులోని వాళ్ళూ దిగి వచ్చారు. ఇప్పుడు ఆదివారం పొద్దున ఎనిమిదింటి నుంచి పదింటి దాకా మా బ్లాకు కింద సిమెంటు బల్ల మీద కాటా పెట్టుకుని కూర్చుంటున్నాను. మా మనవరాలు రెండో తరగతి. అంకెలు చదివి నోటుబుక్కులో రాయడం తన పని. నాలుగు వారాలుగా చూస్తున్నది చెబుతాను. కంపెనీలో ప్యాక్ అయి వచ్చిన ఉప్పు, పంచదార, పిండి, బిస్కెట్లు దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కొన్ని రెండు మూడు గ్రాములు ఎక్కువే తూగాయి. తక్కువ వచ్చినవన్నీ షాపు పేరుతో వెనక గదుల్లో నింపినవే. వాటిలోనూ అయిదు షాపులూ ఒకే రకం కాదు. ఒక షాపులో నింపిన వేరుశనగ గుళ్ళు, మినప్పప్పు ఎన్నిసార్లు తూచినా కరెక్టుగా ఉన్నాయి. సరిగ్గా నింపడం కుదిరే పనే అనడానికి అది చాలు.

ఇక చట్టం సంగతి. నాకు తెలిసింది నేను అంగట్లో కూర్చున్న తొలి రోజుల చట్టం. ఇప్పుడేముందో మా కోడలు చదివి వినిపించింది. 2009 లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం కింద 2011లో ప్యాకేజీ సరుకుల నిబంధనలు వచ్చాయి. కిలో ప్యాకెట్‌కు 15 గ్రాముల దాకా తేడాను అవి ఒప్పుకుంటాయి. అది న్యాయమే, చేత్తో నింపినా మిషనుతో నింపినా ఆ మాత్రం తేడా వస్తుంది. నా మూడో ప్యాకెట్‌లో పప్పు 983 గ్రాములు, ఆ హద్దు దాటింది రెండు గ్రాములే, దాన్ని నేను పెద్దగా పట్టించుకోను. మొదటి రెండూ ఏ లెక్కన చూసినా తప్పే.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే నిబంధనల్లో ఉన్న ఇంకో మాట. పన్ను పరిధిలోకి వచ్చే చిల్లర దుకాణాలు తూకంతో అమ్మే ప్యాకెట్లు పెడితే, గ్రాము దాకా చూపే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి షాపులో అందరికీ కనబడే చోట పెట్టాలి. కొన్న ప్యాకెట్‌ను కొన్న మనిషే దాని మీద పెట్టి తూచుకోవచ్చు. దానికి డబ్బు తీసుకోకూడదు. రసీదు కూడా రావాలి. మా కోడలు ఇది చదివినప్పుడు రెండోసారి చదవమన్నాను. ఇన్నేళ్ళుగా ఈ హక్కు ఉందా? మా వైపు అయిదు షాపుల్లో ఒక్కదాంట్లోనూ అలాంటి కాటా నేను చూడలేదు. ఒక షాపులో ఆ చోట చాక్లెట్ల స్టాండు ఉంది. ఇంకోదాంట్లో ఐస్‌క్రీమ్ ఫ్రీజర్.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ఒకసారి ముద్ర వేయించాలి. ఇది నాకు బాగా గుర్తున్న విషయం, మా ఆయన క్యాలెండర్‌లో ఆ తేదీకి ఎర్ర సిరాతో గీత గీసేవారు. సర్టిఫికెట్ కనబడేలా పెట్టాలి. కూరగాయల కాటా పక్కన ఎక్కడుందని అడిగితే ఆ కుర్రాడు పైకీ కిందికీ చూశాడు. పాపం, వాడికి అది ఎలా ఉంటుందో కూడా ఎవరూ చూపించినట్టు లేదు.

కూరగాయల దగ్గర ఇంకో ఇబ్బంది. అంకెలు తూచే పిల్లవాడి వైపు ఉంటాయి, మనకు స్టిక్కరు మాత్రమే వస్తుంది. ఆకుకూరల మీద గంటగంటకూ నీళ్ళు చల్లుతారు. వాడిపోకుండా చల్లాలి, తప్పదు. తూచే ముందు ఒకసారి విదిలించమని అడిగితే చాలు, మా దగ్గర విదిలిస్తున్నారు. అడగని వాళ్ళ సంగతి తెలియదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మదనపల్లెలో మా పక్కింటివాళ్ళు ఒక్కో కాయ లెక్క పెట్టుకుని వండేవాళ్ళు. అలాంటి రోజున యాభై గ్రాములంటే అయిదు రూపాయలు.

కొలత మారితే చెప్పి మార్చవచ్చు. 2024 జూన్‌లో ఇక్కడ కర్ణాటకలో అమ్మే నందిని పాల ప్యాకెట్‌లో 50 మిల్లీలీటర్లు ఎక్కువ పోసి రెండు రూపాయలు పెంచారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ పాత కొలతకు తెచ్చి లీటరుకు నాలుగు రూపాయలు పెంచారు. ధర పెరిగినందుకు మేమంతా బాధపడ్డాం. కానీ ప్యాకెట్ మీద ఎంత రాశారో అంతే పోశారు, ఎందుకు మార్చారో పేపర్లో చెప్పారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు కొన్ని కంపెనీలు పది రూపాయల ప్యాకెట్ ధర అలాగే ఉంచి గ్రాములు పెంచుతామన్నాయి. నిజంగా పెరిగాయో లేదో ఆ రాయచూరు అమ్మాయి ఎలా తెలుసుకోవాలి? తూచుకుంటేనే తెలుస్తుంది.

షాపుల వాళ్ళు చెప్పేది కూడా విన్నాను. అద్దె ఎక్కువ, కరెంటు బిల్లు ఎక్కువ, ఫోన్‌లో ఆర్డరు పెడితే పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే కంపెనీలతో పోటీ, పని నేర్చుకున్న పిల్లలు మూడు నెలలు ఉండరు. అన్నీ నిజాలే, నేను అబద్ధమనను. చిల్లర వ్యాపారంలో మిగిలేది ఎంతో మాకు తెలుసు. కానీ అంత పెద్ద షాపుకు ఒక కాటా బరువు కాదు. దొంగతనం జరగకుండా నాలుగు మూలలా కెమెరాలు పెట్టారు, బయటికి వచ్చేటప్పుడు మా బిల్లు చూసి సంచీలో వస్తువులు లెక్క పెడతారు. మేమేమీ అనుకోవడం లేదు. అదే గేటు దగ్గర మేము తూచుకునే కాటా కూడా ఉండాలి.

ఇంకొక కోరిక ఉంది. పప్పులు, బియ్యం, రవ్వ, వేరుశనగ గుళ్ళు విడిగా తూచి అమ్మే చోటు ఒకటి పెట్టండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద అయిదు శాతం జీఎస్టీ ఉంది. అందుకే 26 కిలోల బియ్యం బస్తాలు వచ్చాయి. ఎందుకు ఒక కిలో ఎక్కువని మా కోడలు చాలా రోజులు ఆశ్చర్యపోయింది. బస్తా విప్పి తూచి పోస్తే ఆ పన్ను లేదు. వంద గ్రాములు అడిగిన వాళ్ళకు వంద గ్రాములే ఇవ్వవచ్చు. పక్కన పెద్ద అక్షరాలతో కన్నడలో ధర రాసి పెడితే చాలు. మా షెడ్డుల వాళ్ళలో చాలామందికి కన్నడ చదవడం వచ్చు, మిగతావాళ్ళకు అంకెలు వచ్చు.

కర్ణాటక తూనికలు కొలతల శాఖ అధికారులను నేను వేడుకునేది ఒకటే. వర్తూరు, గుంజూరు, సర్జాపుర రోడ్డు వైపు ఇంత వేగంగా పెరుగుతున్న చోట ఒక్కసారి తిరిగి చూడండి. కేసులు రాయమని నేను అడగడం లేదు. మొదట వచ్చి కాటాలు చూసి, గడువిచ్చి, కొనేవాళ్ళకు ఒక కాటా పెట్టించండి. 1998లో మా అంగడికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు మమ్మల్ని దొంగల్లా చూడలేదు. రాయి ఎలా అరుగుతుందో మా ఆయనకు కూర్చోబెట్టి చెప్పారు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు మా అంగడి మీద తూకం ఫిర్యాదు ఒక్కటీ రాలేదు.

పాఠకులకు ఒక మాట. తక్కువ వస్తే బిల్లు పారేయకండి, ప్యాకెట్ విప్పకండి. విప్పిన తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ముద్ర ఉన్న కాటా మీద తూయించి ఫొటో తీసుకోండి. మొదట షాపులో చెప్పండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో కూడా మాట్లాడతారు. నేను చేశాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఏం జరిగిందో మళ్ళీ రాస్తాను.

నిన్న సాయంత్రం ఆ ముళబాగిలు కుర్రాడు పాల ప్యాకెట్లు సర్దుతూ నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మేనేజరు సార్ కొత్త కాటాకు రేటు అడుగుతున్నారు, ఏ కంపెనీది మంచిది?" అని మెల్లగా అడిగాడు. రెండు వైపులా అంకెలు కనబడేది తీసుకోమని చెప్పు, గచ్చు సమంగా ఉన్నచోట పెట్టమను, పైన ఫ్యాను ఉండకూడదు అన్నాను. అది వచ్చిన రోజు నా కిలో రాయి తెచ్చి వాళ్ళకు ఇస్తానని కూడా చెప్పాను. పొద్దున షాపు తెరవగానే దాన్ని ఒకసారి కాటా మీద పెట్టి చూసుకుంటే చాలు. కాటా వచ్చేదాకా మాత్రం ఆదివారం ఎనిమిదింటికి మా బ్లాకు కింద నేనుంటాను.

ఇట్లు,
మదనపల్లె నుంచి వచ్చిన ఒక అంగడి మనిషి,
గుంజూరు, బెంగళూరు.